నాలుగు నిమ్మకాయలు, నలభై గంటలు

ట్రిప్పు 2,104. లైసెన్సు గడువుకు 61 రోజులు.

సరుకు బండిలో కూర్చున్న మనిషి ప్రతి ట్రిప్పుకూ ఒక పేజీ చేత్తో రాయాలని పద్నాలుగో నిబంధన. బండి తన లెక్కలన్నీ తానే రాసుకుంటుంది, రెప్పపాటులో వెయ్యి రాస్తుంది. అయినా మనిషి సాక్ష్యం మనిషి సాక్ష్యమేనని చోదకార్హత మండలి వారి నమ్మకం. మొదటి ఏడాది నా పుస్తకాన్ని బుద్ధిగా పంపాను. అక్కడ చదివే యంత్రం నెల తర్వాత "భాష గుర్తించబడలేదు" అని ముద్ర కొట్టి తిప్పి పంపింది. అది తెలుగే. నా చేతిరాత చూసి మా బడిలో సార్లు కూడా ఇదే మాట అనేవాళ్లు, ముద్ర మాత్రం వీపు మీద వేసేవాళ్లు. అప్పటినుంచి పుస్తకం ఎవరూ అడగలేదు, నేనూ రాయడం మానలేదు. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధాలు రాయడం దండగ కాబట్టి నిజాలే రాస్తున్నాను.

నా పేరు సైదులు. హెవీ లైసెన్సు తీసుకుని ముప్పై ఒక్క ఏళ్లయింది. అందులో ఇరవై నాలుగేళ్లు నేను లారీని నడిపాను, ఏడేళ్లుగా లారీ నన్ను తిప్పుతోంది. మేళ్లచెరువు దగ్గర ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు ఎక్కించుకోవడం, కోదాడ మీదుగా ఖమ్మం వెళ్లి దింపడం, ఖాళీగా తిరిగి రావడం. నా ఉద్యోగానికి ఇప్పుడు పేరు జవాబుదారుడు. క్యాబిన్‌లో కూర్చుని ఏదీ ముట్టుకోకుండా ఉండటమే పని. బండి ఎవరినైనా గుద్దితే జైలుకు వెళ్లడం కూడా నా పనే. లారీని పెట్టడానికి జైల్లో గది చాలదు గనక ఈ ఏర్పాటు చేశారు.

కొత్త రకం బండ్లకు వాటి పేరు మీదే లైసెన్సులున్నాయి. మాది పాత రకం. లైసెన్సున్న మనిషి లోపల లేనిదే రోడ్డెక్కకూడదు. మండలి దానికి పదహారు అంకెల పేరు పెట్టింది, నేను పంతులు అంటాను. వాడు మాట్లాడే తెలుగు మా తాత చదివిన బడిలో కూడా ఎవరూ మాట్లాడి ఉండరు. మొన్న కోదాడ దాటాక గేదెలు అడ్డం పడితే, "మహిషములారా, దయచేసి మార్గము విడువుడు" అని మైకులో మూడుసార్లు విన్నవించుకున్నాడు. గేదెలు కూడా కాసేపు ఆలోచించాయి.

ఈ రోజు పంతులుకు కొత్త టైర్లు వేశారు. వాటికి స్పర్శ ఉందట, దేని మీద ఎక్కినా తెలిసిపోతుందట. మా కాలంలో ఆ సంగతి డ్రైవరు నడుము చెప్పేది.

బయలుదేరే ముందు మామూలుగానే ముందు టైర్ల కింద రెండు, వెనక టైర్ల కింద రెండు నిమ్మకాయలు పెట్టాను. మిగతావాళ్లు అమావాస్యకు పెడితే నేను రోజూ పెడతాను. పంతొమ్మిదేళ్ల కిందట ఒక్క రోజు మరిచిపోయి వెళ్లాను. ఆ రోజే కాలువ మలుపులో లారీ పక్కకు ఒరిగింది. నా మెడ ఎముక విరిగింది, రెండు వందల బస్తాల సిమెంటు కాలువ పాలయింది. అప్పటినుంచి మా ఆవిడ శ్రావణి అన్నం డబ్బాతో పాటు నాలుగు కాయలు సంచిలో వేయనిదే గడప దాటనివ్వదు. శ్రావణి అన్న పేరును బట్టే ముసలావిడ అని పోల్చుకోవచ్చు, ఈ కాలంలో పిల్లలకు అలాంటి పేర్లు పెట్టడం లేదు. పంతులు ఏడేళ్లుగా ఈ తంతును కెమెరాలోంచి చూస్తున్నాడు. ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

ట్రిప్పు 2,109. గడువుకు 56 రోజులు.

రెన్యువల్ ఫారం తిరిగొచ్చింది. మండలి ఆఫీసుకు వెళ్లాను. అక్కడ గుమస్తాలు పోయి యంత్రాలు వచ్చాయి, పై అధికారులు పోయి యంత్రాలు వచ్చాయి. గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఏజెంటు మాత్రం ఇంకా మనిషే. ఖాజా భాయ్ చేసే పని చేయగల యంత్రాన్ని ఎవరూ కనిపెట్టలేకపోయారు.

"తొమ్మిదో నిబంధన చదివినవా సైదులు భాయ్?" అన్నాడు.

"అన్ని చదివేదుంటే నీ దగ్గరికెందుకొస్త?"

"పోయిన ఏడాదిల నలభై గంటలు నీ చేత్తోని బండి నడిపినట్టుండాలె. పబ్లిక్ రోడ్డు మీద. బండే సాక్ష్యం చెప్పాలె."

"స్టీరింగే బయటికి రాదు గద. లోపలికి మడిచి తాళమేసిన్రు."

"తాళం తీస్తే నేరం. ఇరవై రెండో నిబంధన."

"మరి ఇన్నేండ్లు ఎట్లయింది?"

"ఇన్నేండ్లు మండలి గ్రౌండుల ఎనిమిది అంకె మీద తిప్పిచ్చి సంతకం పెట్టిన్రు. ఇప్పుడు ఆ గ్రౌండుల కొత్త బండ్లు పార్కింగ్ చేస్తున్నరు. ఒక్కటే దారుంది. బండి తనంతట తనే 'నాతోని కాదు' అని చెప్పాలె. గప్పుడు స్టీరింగు దానంతటదే బయటికొస్తది."

ఏడేళ్లలో పంతులు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. తుపానులో కూడా, "వాతావరణము కొంత ఆర్ద్రముగా నున్నది" అని ముందుకే పోయాడు.

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. చేత్తో నడపకపోతే లైసెన్సు ఇవ్వరు, చేత్తో నడిపితే లైసెన్సు పీకేస్తారు. ఈ రెండు నిబంధనలూ ఒకే ఏడాది, ఒకే భవనంలో, వేర్వేరు అంతస్తుల్లో రాశారట. ఆ ఏడాది లిఫ్టు పని చేయలేదేమో.

"గడువు దాటితే?" అని అడిగాను.

"దాటితే అంతే భాయ్. మనుషులకు కొత్త లైసెన్సులిచ్చుడు బందయ్యి పదకొండేండ్లాయె. నీది పోతే పోయినట్టే. జవాబుదారు లేని పాత బండిని గూడ ఉంచరు. విప్పి పాత ఇనుముకు ఏస్తరు."

ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. పంతులు మాత్రం దారి పొడవునా రోడ్డు పక్క పొలాల్లో మిరప దిగుబడి గురించి చెబుతూనే ఉన్నాడు. నాకు భయమేసింది. ఈ వయసులో నాకు వేరే పని రాదు. ఈ పని కూడా రానివ్వకుండా చేసి ఏడేళ్లయింది. నలభై గంటలు. మరిచిపోకుండా కింద రెండు గీతలు గీస్తున్నాను.

ట్రిప్పు 2,118. గడువుకు 44 రోజులు.

పంతులు చేత "నాతో కాదు" అనిపించడానికి చేసిన ప్రయత్నాల వివరం. సోమవారం ముందు కెమెరాకు సున్నం పూశాను. నీళ్లు చిమ్ముకుని తుడుచుకున్నాడు, "పక్షులు ఈ మధ్య అధికమైనవి" అన్నాడు. మంగళవారం ఒకేసారి రెండు ఊళ్లకు వెళ్లమన్నాను. రెండింటికీ మధ్యలో ఉన్న ఊరికి తీసుకెళ్లి ఆపాడు. బుధవారం నాకు గుండెల్లో నొప్పి అన్నాను. నిమిషంలో అంబులెన్సును పిలిచాడు. అది కూడా డ్రైవరు లేని బండే. ఇద్దరూ నా గురించి నాకు అర్థం కాని తెలుగులో మాట్లాడుకున్నారు. చివరికి గ్యాస్ అని తేల్చారు.

ఈ రోజు సూటిగానే అడిగాను. "పంతులూ, నీతోని కానిది ఏమన్న ఉందా?"

"ఆధారము లేని కార్యమును భద్రమని చెప్పజాలను, సైదులు గారూ. తక్కినవి చేయగలను."

వాడికి ఆధారం లేని కార్యం ఈ భూమ్మీద ఎక్కడ దొరుకుతుంది? చదువుకున్నవాడితో ఇదే చిక్కు.

ట్రిప్పు 2,130. గడువుకు 30 రోజులు.

గోరుచుట్టు మీద రోకలిపోటు. మండలి నుంచి నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ జవాబుదారీలో ఉన్న వాహనం గత ఇరవై ఆరు ప్రయాణాల్లో మొత్తం నూట నాలుగు మందిని తొక్కి, ఆగకుండా వెళ్లినట్టు టైర్ల ద్వారా తెలియవచ్చింది. బాధితుల వివరాలు: గుండ్రటి దేహం, పసుపు వర్ణం, సగటు బరువు నలభై గ్రాములు. బాధితుల కుటుంబ సభ్యులు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. చేసేలోగా మీ సంజాయిషీ పంపవలెను."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది. ఇరవై ఆరు నాలుగులు నూట నాలుగు. అవి నా నిమ్మకాయలు. కొత్త టైర్ల స్పర్శజ్ఞానం పుణ్యమా అని నేను జిల్లాలోకెల్లా పెద్ద హంతకుణ్ణయ్యాను.

శ్రావణికి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నిమ్మకాయలు బంద్ చెయ్యమంటరా ఏంది?" అంది.

"అనొచ్చు."

"లైసెన్సు పోతే పోనీ. కాయలు లేకుంట మాత్రం నిన్ను ఆ మలుపు దాటనియ్య. ఆసుపత్రిల నలభై దినాలు నీ పక్కన కూసున్నది నేను, మండలి కాదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబుదారుణ్ణి అన్న మాటే గానీ ఇంట్లో ఆ హోదా చెల్లదు.

ట్రిప్పు 2,137. గడువుకు 22 రోజులు.

విచారణకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బ్రేకులు చూసే పని ఎప్పుడో యంత్రాలకు పోయింది, పిలుపు మాత్రం మిగిలింది. పేరు ఆద్విక, ముప్పై లోపే ఉంటుంది. హైదరాబాద్ పిల్ల. ఫ్యాక్టరీ గేటు దగ్గర పంతులు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరు కింద నలిగిన కాయను చూసి వంగింది.

"ఇదేంటి అంకుల్?"

"బాధితుడు, మేడం."

నవ్వు ఆపుకుంది. "దేనికి పెడతారు?"

"దిష్టికి."

ఆమె తన చేతిలోని తెర పలకలో వెతికింది. ప్రమాద కారణాల్లో దిష్టి లేదు. నివారణ చర్యల్లో నిమ్మకాయ లేదు. "కాలమ్ లేదు అంకుల్, నేనేం రాయాలి?" అని నన్నే అడిగింది.

"మీ వాహనం నడిపేటాయన పెడ్తలేడా?"

"నేను పుట్టాక మా ఇంట్లో వాహనం నడిపిన మనిషి లేడు" అంది.

చివరికి ఆమె మంచి మనసుతో ఒక దారి కనిపెట్టింది. నూట నాలుగు హత్యలనూ ఆహార పదార్థాల వృథా కిందకు మార్చింది. దానికి శిక్ష హెచ్చరికే. ఇకమీదట ఈ బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టరాదని ఉత్తర్వు మాత్రం తప్పదట. పైకి పంపితే పది పన్నెండు రోజుల్లో రాతపూర్వకంగా వస్తుందట.

"నలభై గంటల సంగతి ఏంది మేడం?"

ఆమె తల దించుకుంది. "అది వేరే అంతస్తు అంకుల్" అంది.

ట్రిప్పు 2,147. గడువుకు 10 రోజులు.

పొద్దున ఉత్తర్వు వచ్చింది. శ్రావణి చదివి వంటింట్లోకి వెళ్లింది. గంట తర్వాత డబ్బా చేతికిచ్చింది. మూత తీస్తే నిమ్మకాయ పులిహోర.

"చక్రాల కింద పెట్టద్దన్నరు. కడుపుల పెట్టద్దనలే గద. నాలుగు కాయలు పిండిన" అంది. కళ్లలో నీళ్లున్నాయి.

ఫ్యాక్టరీలో లోడు ఎక్కింది. క్యాబిన్‌లో కూర్చున్నాను. పంతులు కదల్లేదు. రెండు నిమిషాలు చూశాను.

"ఏమాయె?"

"బయలుదేరుటకు ముందు జరుగవలసిన కార్యము ఒకటి జరుగలేదు, సైదులు గారూ. చక్రముల క్రింద నిమ్మపండ్లు నాలుగు."

"అవి బంద్. మండలి ఉత్తర్వు."

"ఉత్తర్వు నాకును అందినది. నిమ్మపండ్లతో నేను చేసిన ప్రయాణములు రెండు వేల నూట నలభై ఆరు. ప్రమాదములు లేవు. నిమ్మపండ్లు లేక చేసిన ప్రయాణములు లేవు. అట్టి ప్రయాణము భద్రమనుటకు నా యొద్ద ఆధారము లేదు."

ఏడేళ్లుగా శ్రావణి భయాన్ని వీడు కెమెరాలోంచి చూసి చూసి, ప్రమాదాలు లేవన్న లెక్కతో కలిపి, సైన్సు చేసి పెట్టుకున్నాడు. కాయలు పెట్టకపోతే శ్రావణి భయపడుతుందంతే. వీడు లెక్క కట్టి మరీ భయపడుతున్నాడు.

"అయితే ఇప్పుడెట్ల?"

"నన్ను నేను అశక్తునిగా ప్రకటించుచున్నాను. వాహనమును మీరు స్వీకరించగలరు."

ముందున్న డాష్‌బోర్డులో ఎక్కడో టక్కుమంది. ఒక తలుపు కిర్రుమని తెరుచుకుంది, లోపలినుంచి స్టీరింగు దుమ్ము రాల్చుకుంటూ నా గుండెల మీదకి వచ్చింది. సాలెగూడు కూడా ఉంది. రోడ్డు మీద నడపడానికి ఏడేళ్ల తర్వాత రెండు చేతులతో పట్టుకున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

చేత్తో నడిపే బండి ముప్పై దాటకూడదు. వెనక ఎర్ర అక్షరాలతో "జాగ్రత్త: మనిషి" అని వెలగాలి. ఆ బోర్డు చూసి రోడ్డు మీద బండ్లన్నీ పక్కకు ఒదిగిపోయాయి. మంత్రి గారి కాన్వాయికి కూడా ఇంత దారి దొరకదు. కాలువ మలుపు దగ్గర మాత్రం నా ఒళ్లంతా చెమట పట్టింది. కాయలు లేకుండా ఆ మలుపు తిరగడం పంతొమ్మిదేళ్లలో ఇదే మొదలు. బండిని నడక వేగానికి తెచ్చాను. లోడు ఎడమకు ఒరిగినట్టు నడుముకు తెలిసింది, మెల్లగా కుడికి లాగి సర్దాను. దాటాక ఊపిరి వదిలాను. చింత చచ్చినా పులుపు చావలేదు.

వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర. మొత్తం ఐదు. ఇంకా ముప్పై ఐదు కావాలి.

ట్రిప్పు 2,149. గడువుకు 8 రోజులు.

పదిహేను గంటలయ్యాయి. రోజూ పొద్దున పంతులు అశక్తుణ్ణంటాడు, స్టీరింగు వస్తుంది. ఇక బతికిపోయాను అనుకుంటుండగా ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

"వరుసగ మూడు దినాలు అశక్తత చెప్పిన బండిని షెడ్డుకు పంపాలె భాయ్. ముప్పై ఒకటో నిబంధన. రేపు మేడం వస్తది."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

ట్రిప్పు లేదు. గడువుకు 7 రోజులు.

పంతుల్ని షెడ్డులో పెట్టి పొద్దంతా పరీక్షించారు. కళ్లు, చెవులు, టైర్లు, బుర్ర అన్నీ సవ్యంగా ఉన్నాయి. నా కన్నా ఆరోగ్యంగా ఉన్నాడు. ఆద్విక తల పట్టుకుని కూర్చుంది.

"నిమ్మకాయలు పెట్టేయండి అంకుల్, గొడవ వదిలిపోతుంది."

"పెట్టద్దని మీరే ఉత్తర్వు ఇచ్చిన్రు మేడం."

"దాన్ని రద్దు చేయాలంటే తొంభై రోజులు పడుతుంది."

"మరి బండికి మీరు చెప్పి చూడున్రి."

ఆమె పంతులుకు అరగంట సేపు నచ్చజెప్పింది. దిష్టి అనేది లేదని, నిమ్మకాయకూ ప్రమాదానికీ సంబంధం లేదని. పంతులు ఓపిగ్గా విని, "ఆ మాటకు ఆధారమేమి?" అని అడిగాడు. మేడం దగ్గర ఆధారం లేదు. రాష్ట్రంలో నిమ్మకాయల మీద లెక్క ఉన్నది ఒక్క పంతులు దగ్గరే.

రేపు ఆదివారం. రోజులు అయిపోతున్నాయి. శ్రావణి దేవుడి గూట్లో నాలుగు కాయలు పెట్టింది. అక్కడ పెట్టద్దని ఇంకా ఉత్తర్వు రాలేదు.

ట్రిప్పు 2,150. గడువుకు 5 రోజులు.

బండిని విడుదల చేయాలంటే ఇన్‌స్పెక్టర్ ఒక వైపు ప్రయాణం చేసి చూడాలట. పంతులు ఈ పొద్దున కూడా అశక్తుణ్ణే అన్నాడు, స్టీరింగు నా చేతికొచ్చింది. ఆద్విక పక్క సీట్లో కూర్చుని రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. మనిషి నడిపే బండి ఎక్కడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"చూసి నడపండి అంకుల్."

"చూడకుంట నడుపుడు నేర్వలే మేడం."

కాలువ మలుపు దగ్గర ఆమె కళ్లు మూసుకుంది. నేను తెరుచుకునే ఉన్నాను. దాటాక ఆమె కళ్లు తెరిచి వెనక్కి చూసింది.

"ఎలా తిప్పారు? ఒరుగుతుందని ముందే ఎలా తెలిసింది?"

"ఒకసారి ఒరిగింది గనక."

ఖమ్మంలో దిగేటప్పుడు కడ్డీ వదిలి, నా పులిహోరలో సగం తిని, బండి సవ్యమని, ఇంకో నెల దాకా మళ్లీ షెడ్డుకు పంపక్కర్లేదని రాసిచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది. ఇన్‌స్పెక్టర్ పక్కన ఉన్న ప్రయాణం పరీక్ష కిందకు వస్తుందట, అనుభవం కిందకు రాదట. అంటే ఆ రెండున్నర గంటలు నా నలభైలోకి రావు. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే నాకే జాలేసింది.

లెక్క రాసుకున్నాను. పదిహేను, తిరుగు ప్రయాణం రెండున్నర, పదిహేడున్నర. ఇంకా నాలుగు ట్రిప్పులున్నాయి, ఇరవై గంటలు. ముప్పై ఏడున్నర దగ్గర ఆగిపోతుంది. రెండున్నర గంటలు తక్కువ. రోడ్డు మీద ఊరికే తిరిగితే చెల్లదు, లోడు దారి, అంటే ట్రిప్పుకు బండి చూపే దారి అయి ఉండాలి. ఇంత దూరం వచ్చి రెండున్నర గంటలకు ఓడిపోతానా అని ఏడుపొస్తోంది. ఈ సంగతి శ్రావణికి చెప్పలేదు. ఈ పుస్తకానికి మాత్రమే చెబుతున్నాను.

ట్రిప్పు 2,154. గడువుకు 1 రోజు.

చివరి ట్రిప్పు. ఖమ్మంలో బస్తాలు దించేసరికి ముప్పై ఐదు గంటలు. తిరిగి ఇంటికి చేరితే ముప్పై ఏడున్నర, అక్కడితో నా బతుకు సరి. స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చున్నాను.

"సైదులు గారూ," అన్నాడు పంతులు, "నేలకొండపల్లి వద్ద మార్గము మూసి ఉండవచ్చును. సూర్యాపేట మీదుగా వెళ్లుట మేలు."

"సూర్యాపేట మీదికెల్లి పోవుడా? గది ఎంత చుట్టు!"

"దారి చూపుట నా విధి. అనుసరించుట మీ విధి. పదిహేడవ నిబంధన."

బండి చూపిన దారి లోడు దారే. ఖాళీ లారీని సూర్యాపేట వైపు తిప్పాను. ముప్పై వేగంలో, వెనక "జాగ్రత్త: మనిషి" వెలుగుతుంటే, ఐదు గంటలు నడిపాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేసరికి పంతులు, "హస్తచాలనము నలభై గంటలు పూర్తి. ధ్రువీకరించి మండలికి పంపితిని" అన్నాడు.

అరగంటలో లైసెన్సు వచ్చింది. మూడేళ్లకు రెన్యువల్. శ్రావణికి ఫోన్ చేస్తే అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ట్రిప్పు 2,155. కొత్త గడువుకు మూడేళ్లు.

పొద్దున ఖాజా భాయ్‌కి మిఠాయి ఇవ్వడానికి వెళ్లాను. నేలకొండపల్లి దగ్గర రోడ్డు మూయడం ఎంత మేలయిందో చెప్పాను.

"మూసిన్రా?" అన్నాడు. "నిన్న మాపటికి నేను గదే రోడ్డు మీద వచ్చిన గద భాయ్. ఏం మూయలే."

ఫ్యాక్టరీకి వచ్చి క్యాబిన్ ఎక్కాను. లోడు ఎక్కింది. నేనింకా బెల్టు పెట్టుకోకముందే స్టీరింగు లోపలికి వెళ్లిపోయింది, పంతులు తనంతట తానే కదిలాడు.

"ఆగు. నిమ్మకాయలు లేవు గద, ఎట్ల కదిలినవ్?"

"నిమ్మపండ్లు లేని ప్రయాణమునకు ఇప్పుడు ఆధారము కలదు. నలభై గంటలు, ప్రమాదములు లేవు."

"నలభై రెండున్నర నడిపిన."

"పరీక్ష గంటలు లెక్కకు రావు."

ఆ లెక్క మండలిది, వీడిది కాదు. కాలువ మలుపు వచ్చింది. సరిగ్గా నేను తిప్పినట్టే, నడక వేగానికి తగ్గి, మెల్లగా కుడికి లాగి దాటాడు. ఇంతకు ముందు వాడు అలా దాటేవాడు కాదు.

"పంతులూ, నలభై గంటలైతేనే ఆధారం అయితదని నీకెవరు చెప్పిన్రు?"

"మీరే. 2,109వ ప్రయాణపు పుటలో వ్రాసినారు. క్రింద రెండు గీతలు గీసినారు."

చేతిలో ఉన్న పుస్తకం వంక చూశాను. తల పైన, క్యాబిన్ కప్పుకు, చిన్న కెమెరా ఉంది. ఏడేళ్లుగా అక్కడే ఉంది.

"నా రాత నువ్వు చదివినవా? మండలి యంత్రానికే రాలే."

"మొదటి రెండేళ్లు నాకును రాలేదు. క్యాబినులో చదువుటకు వేరేమియు లేదు."

"సున్నం సంగతి గూడ?"

"పక్షులు కావని నాడే తెలియును."

"నేలకొండపల్లి కాడ రోడ్డు మూయలేదంట."

"మూసి ఉండవచ్చును అంటిని. ఏ మార్గమైనను మూసి ఉండవచ్చును, సైదులు గారూ."

ఖమ్మం చేరాం. బస్తాలు దించుతుండగా పాత పేజీలు తిప్పాను. వాణ్ణి విప్పి పాత ఇనుముకు వేస్తారని రాసిన పేజీ దగ్గర ఆగాను. దాని కింద నాకు భయమేసిందని రాసుంది. ఆ పేజీ ఇద్దరం చదివామన్నమాట.

ఇంటికి వెళ్లాక శ్రావణికి అంతా చెప్పాలి. రేపటినుంచి పులిహోర కూడా అక్కర్లేదని చెబితే ఒప్పుకోదు, అది వేరే సంగతి. ఈ పేజీ మాత్రం అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా రాస్తున్నాను. పాపం, చదివేవాడు ఏడేళ్లుగా చాలా కష్టపడ్డాడు.